క్రిస్మస్ తాత సంచిలో ఏముంది?

తాను మనిషా, రబ్బరు బొమ్మా అనే అనుమానం నేలపూడి కెజియాకు నలభై ఏళ్లు వచ్చేదాకా కలగలేదు. ఆ తర్వాత కూడా తనంతట తనకు కలగలేదు. కొత్తరేవు పురపాలక సంఘం వారు కలిగించారు.

కెజియా, ఆమె భర్త దానియేలు చర్చి రోడ్డులో బేత్లెహేము బేకరీ నడుపుతారు. ఏడాదంతా బన్నులూ బిస్కెట్లూ అమ్మినా ఆ బేకరీకి ప్రాణం డిసెంబరు నెలే. ఆ నెలలో ప్లమ్ కేకులూ, నూనెలో వేయించే గులాబీ పువ్వులూ అమ్ముడైతేనే మిగతా నెలల్లో పొయ్యి వెలుగుతుంది. గల్లాపెట్టె దగ్గర కెజియా తల్లి దీనమ్మ కూర్చుంటుంది. మిషను ఆసుపత్రిలో ఆయాగా చేసి మానేసిన మనిషి. కేకు కట్టేలోగా వచ్చినవాళ్లకు ఒక్క సంగతి చెప్పందే వదిలిపెట్టదు: ఆ సినిమాలో సంచిలోంచి బయటికొచ్చే పసిపిల్ల తన కూతురేనని. కెజియాకు సిగ్గేసేది. అయినా వద్దనేది కాదు. తల్లికి చెప్పుకోవడానికి ఉన్న గొప్ప అదొక్కటే.

సినిమా పేరు 'క్రిస్మస్ తాత తప్పిపోయాడు'. నలభై ఏళ్ల కిందట కొత్తరేవులోనే తీశారు. ఇంటిల్లిపాదీ కూర్చుని చూసే హాస్యచిత్రం. ఎర్ర అంగీ, దూది గడ్డం తగిలించుకున్న ఒక తాత మనవలకు బొమ్మలు పంచడానికి బయలుదేరి, రైలుకట్ట దగ్గర సంచి మారిపోయి, దారి తప్పి, ఎవరింట్లోనో దూరతాడు. అందరి ముందూ సంచిలో చెయ్యి పెట్టి బొమ్మను తీయబోతే ప్రాణమున్న పసిబిడ్డ చేతికొస్తుంది. ఇక ఆ బిడ్డ ఎవరిదన్న గొడవతో సినిమా అంతా నవ్వులే. విడుదలైనప్పుడు ఎవరూ చూడలేదు. టీవీవాళ్లు ప్రతి క్రిస్మస్‌కూ వేసి వేసి జనానికి అలవాటు చేశారు. ఈ మధ్య ఫోన్లలో 'మీకు తెలుసా?' అంటూ ఆ సినిమా విశేషాలు పంచుకోవడం ఒక జాడ్యంలా పట్టుకుంది. తాత గడ్డానికి వాడిన దూది ఏ కొట్టుది, వెంటపడే మేక పేరేమిటి, పాట మధ్యలో మూడో మామయ్య చొక్కా రంగు ఎందుకు మారింది, ఇలాంటివి తెలియనివాడు నలుగురిలో తలెత్తుకోలేని రోజులొచ్చాయి.

అలాంటి రోజుల్లో రాజధాని నుంచి ఒక పెద్ద అధికారి కొత్తరేవు మురుగుకాలవలు తనిఖీ చేయడానికి వచ్చారు. కాలవల మీద కమిషనర్ పురంధరరావు గారు వారం రోజులుగా అబద్ధాలు సిద్ధం చేసుకుని ఉన్నారు. అధికారి మాత్రం అతిథిగృహంలో జీడిపప్పు నములుతూ, ఆ సినిమాలో మేక పేరేమిటని అడిగారు. కమిషనర్ గారు అలవాటుగా కాలవల పొడవు చెప్పారు. సొంత ఊరి మేక పేరు తెలియనివాడు ఊరినేం పాలిస్తాడని అధికారి నవ్వేసి, కాలవలు చూడకుండానే వెళ్లిపోయారు. కాలవలు చూసి ఉంటే అంత అవమానం జరిగేది కాదు.

మర్నాడే 'సినీ విశేష నిర్ధారణ సంఘం' పుట్టింది. వానపాముల మీద ముప్పయ్యేళ్లు పరిశోధన చేసి విశ్రాంతి తీసుకుంటున్న ఆచార్య చిత్తరంజన్ గారిని అధ్యక్షులుగా వేశారు. అట్టడుగు విషయాలు తవ్వి తీయడంలో వారికి అనుభవం ఉందని కమిషనర్ గారు పత్రికలవారికి చెప్పారు. సంఘం సినిమాను ముందునుంచి వెనక్కూ, వెనకనుంచి ముందుకూ చూసి అధికారిక విశేషాలన్నీ ఖాయం చేసింది. మేక పేరు వరాలు. ఆ వెంటనే ఉత్తర్వు వచ్చింది.

'పట్టణ సాంస్కృతిక వారసత్వమును పౌరుల మస్తిష్కములయందు సుస్థిరముగా ప్రతిష్ఠించు నిమిత్తము, ఇకమీదట పురపాలక సేవలు పొందగోరు ప్రతి వ్యక్తియు విశేష పరిజ్ఞాన ధ్రువపత్రమును సమర్పించవలెను. విశేషమునందు దోషము క్షమార్హము కాదు.'

అంటే పరీక్షలో ఒక్క జవాబు తప్పినా తప్పినట్టే.

మొదట్లో ఊరు నవ్వుకుంది. తర్వాత చదువుకోవడం మొదలుపెట్టింది. కొళాయి పగిలిందని ఫిర్యాదు చేసిన ఒకాయన మూడో మామయ్య చొక్కా రంగు తప్పు చెప్పడంతో, ఆయన మళ్లీ పరీక్షకు కూర్చునేదాకా నీళ్లు వీధిలో పారాయి. చెత్త బండివాళ్లు గుమ్మం ముందు నిలబడి ఒక ప్రశ్న వేసి, జవాబు సరైతేనే బుట్ట అందుకునేవారు. వీధి వాసనను బట్టి అక్కడివాళ్ల పరిజ్ఞానం తెలిసిపోయేది. వివాహ నమోదుకు వెళ్లిన ఒక జంటలో పెళ్లికొడుకు ఉత్తీర్ణుడై పెళ్లికూతురు తప్పింది. అతనికి పెళ్లయినట్టూ, ఆమెకు సప్లిమెంటరీ పరీక్ష తర్వాత అవుతుందనీ నమోదు చేసుకున్నారు. చనిపోయినవారి సంగతేమిటని శ్మశానం గుమాస్తా స్పష్టత కోరితే, సంఘం సుదీర్ఘంగా చర్చించి, మృతులకు మౌఖిక పరీక్ష మినహాయించింది. రాతపరీక్ష గురించి ఏమీ అనలేదు.

ఇదంతా కెజియా పెద్దగా పట్టించుకోలేదు. బేకరీ లైసెన్సు డిసెంబరుకు ముందే కొత్తది తీసుకోవాలి. దానికి పరీక్ష రాయాలి. రాస్తే పోయె. సినిమాలో తనే ఉంది కదా. చదవకుండానే వెళ్లి పురపాలక కల్యాణమండపంలో కూర్చుంది. మేక పేరు, దూది కొట్టు, చొక్కా రంగు అన్నీ చకచకా రాసేసింది. చివర్లో ఒక ప్రశ్న ఉంది: సంచి నుండి వెలువడిన శిశువు ఎవరు? కెజియా నవ్వుకుని, 'నేను' అని రాసి వచ్చింది.

తప్పింది.

మార్కుల లెక్కలో పొరపాటు పడ్డారేమోనని ఆఫీసుకు వెళ్లింది. సెక్షన్ గుమాస్తా సత్యవేణి కెజియా దగ్గర కేకులు కొనే మనిషే. ఆమె మొహమాటంగా అటూ ఇటూ చూసి, అధికారిక జవాబు 'రబ్బరు బొమ్మ' అని చెప్పింది. కావాలంటే లోపల అడగమంది. లోపల కమిషనర్ గారూ, ఆచార్యులవారూ టీ తాగుతూ ఉన్నారు.

"ఆ పసిపిల్లను నేనే సార్. ఊరందరికీ తెలుసు," అంది కెజియా.

ఆచార్యులవారు కప్పు కింద పెట్టి, పిల్లలకు పాఠం చెబుతున్నంత ఓపిగ్గా చెప్పారు. "చూడమ్మా. శిశువును చలనచిత్రంలో వినియోగించాలంటే పైవారి అనుమతి ఉండాలి. మన దస్త్రాలలో అటువంటి అనుమతి లేదు. అనుమతి లేకుండా వినియోగించడం నేరం. వారసత్వ చిత్రంలో నేరం జరిగే అవకాశం లేదు. కనుక శిశువు లేదు."

"మరి నేను?"

"మీరు ఉన్నారు. దాన్ని సంఘం కాదనడం లేదు. ఆ శిశువు మాత్రం లేదు."

సినిమాలో బిడ్డ ఏడుస్తుంది కదా అంది కెజియా. అది ధ్వని విభాగం వారి ప్రతిభ అన్నారు. కాళ్లు కొట్టుకుంటుంది కదా అంది. లోపల తీగలుంటాయన్నారు. కథలో నవ్వంతా బొమ్మ అనుకున్నది బిడ్డ కావడంలోనే ఉంది కదా, అది బొమ్మే అయితే ఇక నవ్వేముంది అని అడిగింది. ఆ ప్రశ్నకు కమిషనర్ గారు జవాబిచ్చారు. నవ్వు తమ పరిధిలోకి రాదట.

సాక్ష్యం ఉంటే విచారణ జరపడానికి సంఘం సిద్ధమేనని చెప్పి పంపారు. కెజియా ఇంటికొచ్చి సంగతి చెబితే దీనమ్మ రెండుసార్లు చెప్పించుకుంది. ఆ తర్వాత పెట్టెలోంచి తెల్లచీర తీసి ఇస్త్రీకి పంపమంది.

విచారణ రోజు తల్లీకూతుళ్లను సమావేశ మందిరంలో కుర్చీల్లో కూర్చోబెట్టారు. గోడమీద సినిమాలోని ఆ దృశ్యం వేసి ఆపారు. బొమ్మ తాలూకు ఆధారం ఏదైనా తెచ్చారా అని ఆచార్యులవారు అడిగారు. దీనమ్మ కూతురి భుజం మీద చెయ్యి వేసింది.

"ఇదిగో బాబూ. మీ ముందరే కూర్చుంది."

"సాక్షి బొమ్మను చూపించుచున్నారు," అని ఆచార్యులవారు సత్యవేణికి చెప్పి రాయించారు.

బొమ్మ కాదు, తన కూతురని దీనమ్మ అంది. 'సాక్షి బొమ్మను తన కూతురుగా భావించుచున్నారు' అని రాయించారు. తర్వాత పోలిక పరీక్ష పెట్టారు. గోడమీది బిడ్డలాగే నోరు తెరిచి ఏడుపు మొహం పెట్టమని కెజియాను కోరారు. కెజియా అవమానం దిగమింగుకుని నోరు తెరిచింది. సంఘ సభ్యులు దగ్గరకొచ్చి చూశారు. గోడమీది శిశువుకు పళ్లు లేవు, అర్జీదారుకు ఉన్నాయి. పోలిక కుదరలేదని తీర్మానించారు.

అప్పటిదాకా కెజియాకు కోపం వచ్చింది గానీ భయం కలగలేదు. భయం కమిషనర్ గారు కలిగించారు. అదీ చాలా మర్యాదగా. ఆమెను పక్కకు పిలిచి, తన మనసులో ఆమె మీద ఎంతో గౌరవం ఉందన్నారు. శిశువు ఉందనే ఆమె పట్టుబడితే సంఘం ఒప్పుకోక తప్పదేమో అన్నారు. ఒప్పుకుంటే అనుమతి లేకుండా పసిబిడ్డను సినిమావాళ్లకు అప్పగించిన నేరం కూడా ఒప్పుకున్నట్టవుతుంది.

"అప్పగించింది ఎవరు? మీ అమ్మగారే కదా. ఈ వయసులో ఆవిడను కోర్టుల చుట్టూ తిప్పడం నాకిష్టం లేదమ్మా. చట్టం నా చేతుల్లో లేదు. బొమ్మ అయితే మాత్రం నా చేతుల్లోనే ఉంది."

కెజియా వెనక్కి తిరిగి చూసింది. తెల్లచీరలో తల్లి నిటారుగా కూర్చుని, గోడమీద ఆగిపోయిన పసిపిల్లను చూస్తూ చిన్నగా నవ్వుకుంటోంది. ఆ దృశ్యాన్ని అంత పెద్దగా ఆమె ఎన్నడూ చూడలేదు.

కెజియా సంఘం ముందుకు వెళ్లి నిలబడింది. "బొమ్మేనండి. మేమే పొరపాటు పడ్డాం," అంది.

దీనమ్మ నవ్వు ఆగిపోయింది. ఇంటికి వెళ్లే దారి పొడవునా కెజియా కారణం చెబుతూనే ఉంది. కేసనీ, కోర్టనీ, తన కోసం కాదనీ చెప్పింది. దీనమ్మ వింది. అర్థం కూడా చేసుకుంది. మర్నాటి నుంచి గల్లాపెట్టె దగ్గర కూర్చుని చిల్లర ఇవ్వడం తప్ప ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఎవరో పాతవాళ్లు, ఆ సంచిలో పిల్ల మీ కెజియానే కదా మామ్మా అని కదిలిస్తే, "బొమ్మంట" అని తల పక్కకు తిప్పుకుంది. పిండి కలుపుతున్న కెజియాకు ఆ మాట వినబడింది. దానికంటే తిడితే బాగుండుననిపించింది.

అటు సంఘానికి వేరే చిక్కు వచ్చింది. బొమ్మ అని తేల్చారు గనక బొమ్మ ఉండాలి. ఊరంతా దండోరా వేయించారు. జనం మూతులు విరిగిన బొమ్మలూ, కళ్లు ఊడిన బొమ్మలూ తెచ్చి కుప్ప పోశారు. అందులో ఏదీ సినిమాలో బిడ్డంత జీవకళతో లేదు. చివరికి బొమ్మల తయారీవాడి చేత సరిగ్గా ఆ పోలికతోనే ఒకటి కొత్తగా చేయించి, ప్రాచీనమైనదిగా ధ్రువీకరించారు. కమిషనర్ గారి గదిలో అద్దాల పెట్టెలో కూర్చోబెట్టారు. ఈ ఊరి బొమ్మే గనక స్థానికత పత్రం ఇచ్చారు. నలభై ఏళ్లుగా ఏ పన్నూ ఎగ్గొట్టలేదని ఆదర్శ పౌరురాలి బిరుదు కూడా ఇచ్చారు. ఉత్తీర్ణులైన వారిని ఉదయంపూట దర్శనానికి అనుమతించేవారు.

కెజియా రెండోసారి పరీక్ష రాసింది. ఈసారి సంఘం వారి జవాబులన్నీ వల్లె వేసి రాసింది. పట్టణంలో ప్రథమ స్థానం వచ్చింది. లైసెన్సు వచ్చింది. దాంతోపాటు ఒక ఆదేశం కూడా వచ్చింది. క్రిస్మస్ ముందురోజు సాయంత్రం పురపాలక మైదానంలో చిత్రోత్సవం జరుగుతుంది. దానికి కేకు ఆమే చేయాలి. ప్రథమురాలు గనక వేదికెక్కి, ఇంతవరకూ ఎవరికీ తెలియని ఒక అరుదైన విశేషం ప్రజలకు చెప్పాలి. రాజధాని అధికారి ముఖ్య అతిథి.

ఉత్సవానికి దీనమ్మ రానంది. అల్లుడు దానియేలు బతిమాలి తీసుకొచ్చి ముందు వరసల్లో కూర్చోబెట్టాడు. వేదిక మీద ముఖమల్ కుర్చీలో బొమ్మ ఉంది. దానికి ఒకవైపు రాజధాని అధికారి, మరోవైపు కమిషనర్ గారు. పాస్టరుగారు ప్రార్థన చేశారు. ఎవరికోసం ప్రార్థిస్తున్నారో పేరు చెప్పకుండా జాగ్రత్తపడ్డారు. కేకు కోసి మొదటి ముక్క బొమ్మ నోటి దగ్గర పెట్టారు.

కెజియాను పిలిచారు. చెప్పాల్సింది సత్యవేణి ముందే రాసి ఇచ్చింది: బొమ్మకు వాడిన రబ్బరు ఏ దేశానిదో. కెజియా మైకు ముందుకొచ్చి, కిందికి చూసింది. తల్లి ఒళ్లో చేతులు పెట్టుకుని, ఎవరి పెళ్లికో వచ్చినదానిలా కూర్చుంది. సత్యవేణి రాసిచ్చిన కాగితాన్ని కెజియా మడిచేసింది.

"ఆ బొమ్మ ఆ రోజు ప్రాణమున్నట్టు వెచ్చగా ఉందండి," అంది.

ఆచార్యులవారు కలం తీశారు. ఇది వారి దగ్గర లేని విశేషం.

"షూటింగువాళ్లకి అనుకున్న బిడ్డ... అనుకున్న బొమ్మ రాలేదంట. ఆసుపత్రి గేటు కాడ చంకలో బొమ్మతో నిలబడి చూస్తున్న ఒకావిణ్ణి అడిగారు. ఆవిడ చాలాసేపు ఒప్పుకోలేదు. నిర్మాత కాళ్లమీద పడితే సరేనంది. సంచి గుడ్డ గరుగ్గా ఉందని తన చీరచెంగు చింపి లోపల పరిచింది. గాలాడటానికి కుట్లు తనే విప్పింది. పాలిచ్చి, బొమ్మ నిద్రపోయాక సంచిలో పెట్టింది. తాత వేషం వేసినాయనకి చత్వారం. ఎక్కడ తల పట్టుకుని లాగుతాడోనని, కెమెరావాళ్లు వద్దంటున్నా నేలమీద పాక్కుంటా ఆయన కాళ్లదాకా వచ్చేసింది. చెయ్యి జారితే పట్టుకోడానికి. ఆ సీనులో తాత కాళ్ల పక్కన నేలమీద ఒక నీడుంటది. రెండు చేతులు చాపి ఉంటది. అది ఆవిడదే."

రాజధాని అధికారి కుర్చీలో ముందుకు జరిగారు. దృశ్యం వేయమన్నారు. తెర మీద తాత సంచిలో చెయ్యి పెట్టాడు, బిడ్డ బయటికొచ్చింది. దృశ్యం ఆపించారు. తాత బూట్ల పక్కన, నేలమీద, చాచిన రెండు చేతుల నీడ ఉంది. ఇన్నేళ్లుగా ఊరంతా ఆ బిడ్డనే చూసింది. నీడను చూసినవాళ్లు లేరు. వెనక వరసల్లో ఎవరో ముక్కు చీదుకున్నారు.

అద్భుతమైన విశేషమని అధికారి మెచ్చుకున్నారు. మెచ్చుకోలు వినగానే కమిషనర్ గారి మొహం వెలిగిపోయింది. మైకు అందుకుని, ఆ బొమ్మ తల్లి ఇప్పుడెక్కడ ఉన్నారని అడిగేశారు. అడిగాక గానీ ఏం అడిగారో ఆయనకు తట్టలేదు. కంగారుగా ఆచార్యులవారి వైపు చూశారు. వారు కళ్లు మూసుకుని ఆలోచించారు. బిడ్డను అప్పగించడం నేరం గానీ, బొమ్మను అప్పగించడం నేరం కాదు. బొమ్మకు తల్లి ఉండరాదని ఏ చట్టంలోనూ లేదు. సమ్మతమేనని తల ఊపారు.

కెజియా చెయ్యి చాపి తల్లిని చూపించింది.

దీనమ్మను వేదిక ఎక్కించారు. అధికారి శాలువా కప్పారు. 'చారిత్రక రబ్బరు బొమ్మను నవమాసములు మోసి కన్న మాతృమూర్తి శ్రీమతి నేలపూడి దీనమ్మ గారు' అని కమిషనర్ గారు అప్పటికప్పుడు బిరుదు ప్రకటించారు. వచ్చే ఏటి పరీక్షలో ఈ ప్రశ్న తప్పక ఉంటుందని కూడా ప్రకటించారు. ఊరు ఊరంతా లేచి చప్పట్లు కొట్టింది. కొట్టినవాళ్లలో చాలామందికి అది బొమ్మ కాదని తెలుసు. కాదని అనలేకపోవడానికి వాళ్లందరికీ కొళాయిలున్నాయి, చెత్తబుట్టలున్నాయి.

బొమ్మ గురించి రెండు మాటలు చెప్పమని ముసలామెకు మైకు ఇచ్చారు. ముఖమల్ కుర్చీలో ఉన్నదాన్ని దీనమ్మ చూడనైనా చూడలేదు. పక్కన నిలబడ్డ కెజియా మొహం మీది చెమట శాలువా కొంగుతో తుడిచింది.

"మా బొమ్మ మంచిదండి. పెళ్లయింది. ఇద్దరు పిల్లలు. ఈ కేకు కోసం పొద్దుట్నించీ పొయ్యి దగ్గరే నిలబడింది. అన్నం తిన్లేదు. మొహం చూడండి, ఎట్టా పీక్కుపోయిందో. పంపించెయ్యండి బాబూ, ఇంటికెళ్లి అన్నం పెట్టుకుంటా."

తల్లి కూతురి చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది. ఆచార్య చిత్తరంజన్ గారు వాళ్లిద్దరూ జనంలో కలిసిపోయేదాకా చూసి, పక్కకు తిరిగి సత్యవేణికి చెప్పారు.

"రాయండి. బొమ్మ అన్నము తినును."